తామర రేకుల గోడ అద్దం: అట్ట, రంపపు పొట్టు, చింతపిక్కల జిగురుతో ఇంట్లోనే తయారీ

గోడకు తగిలించే అలంకార అద్దంలో రెండు వేర్వేరు పనులు కలిసి ఉంటాయి. ఒకటి కంటికి కనిపించే చట్రం, రెండవది గాజును ఏళ్ల తరబడి పట్టి నిలిపే వెనుక భాగం. ఇంట్లో చేసుకునేవారు మొదటిదాని మీదే మనసంతా పెట్టి, రెండవదాన్ని చేతికందిన జిగురుకూ ఒక మేకుకూ వదిలేయడం వల్లనే, ఎంతో ఓపికగా చేసిన అద్దాలు వర్షాకాలం వచ్చేసరికి అంచుల వెంట నల్లబడటమో, ఒక రాత్రి ఊడి పడటమో జరుగుతుంది. అందువల్ల ఈ విధానమంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: అలంకారం దేని బరువూ మోయకూడదు, బరువంతా వెనుకనున్న ప్లైవుడ్ పలకే మోయాలి, తడితో ముడిపడిన పనులన్నీ పూర్తయి ఆరిన తరువాతనే అద్దం తన చోట కూర్చోవాలి.

నమూనా కోసం దూరం పోనక్కరలేదు. గుంటూరు నుంచి అమరావతికి వెళ్లి అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో స్తూప ప్రాకారపు రాళ్లను చూస్తే, గుండ్రని పద్మ పతకాలు వరుసగా కనిపిస్తాయి. ఆ పల్నాటి సున్నపురాతి శిల్పాల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నప్పటికీ, పతకపు అమరిక అర్థం చేసుకోవడానికి ఇక్కడ మిగిలినవి చాలు. నడిమి బొడ్డు చుట్టూ ఒక వరుస రేకులు, ఆ రేకుల సందుల్లోంచి తొంగిచూసే వెనుక వరుస రేకుల కొనలు, దాని చుట్టూ మరో వరుస. ఆ బొడ్డు స్థానంలో అద్దాన్ని పెడితే మనకు కావలసిన వస్తువు సిద్ధమవుతుంది. రేకులకు ఉబ్బు తెప్పించే పద్ధతి మాత్రం విజయవాడ పొరుగునే ఉన్న కొండపల్లిది. అక్కడి బొమ్మల తయారీదారులు తెల్ల పొణికి చెక్క ముక్కలను అతకడానికీ, ముక్కూ చెవులూ తీర్చడానికీ చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కును వాడతారు. ఇంత చవకగా దొరికి, ఆరిన తరువాత చెక్కలాగే గీసుకోవడానికీ రుద్దుకోవడానికీ వీలిచ్చే పదార్థం దుకాణాల్లో దొరికే రకరకాల మట్టి ముద్దల్లో నాకు మరొకటి కనిపించలేదు.

కొలతలు ముందే స్థిరపరచుకోవాలి. 12 అంగుళాల అడ్డుకొలత గల గుండ్రని అద్దం, దాని వెనుక 18 అంగుళాల గుండ్రని పలక, రేకుల కొనలతో కలిపి మొత్తం 21 అంగుళాలు. తయారైన వస్తువు సుమారు 2 కిలోల బరువు ఉంటుంది. అద్దం పరిమాణం పెంచాలనుకునేవారు బరువు లెక్క వేసుకోవడం తేలిక: ఒక చదరపు మీటరు గాజు, ఒక్కొక్క మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 4 మిల్లీమీటర్ల మందంతో 12 అంగుళాల వృత్తం సుమారు 730 గ్రాములు. అదే అద్దాన్ని 18 అంగుళాలకు పెంచితే 1,640 గ్రాములు దాటుతుంది. అడ్డుకొలత ఒకటిన్నర రెట్లయితే బరువు రెండుంపావు రెట్లు అవుతుందన్నది చాలామంది గుర్తించని విషయం.

అద్దాన్ని ఎంచుకోవడం

గాజు దుకాణాల్లో ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు కాబట్టి 12 అంగుళాల వృత్తానికి ఒక చదరపు అడుగు సొమ్మే తీసుకుంటారు. గుండ్రంగా కోసినందుకు, అంచు రుద్దినందుకు కొంత కూలి వేరుగా ఉంటుంది. అంచు రుద్దించడం ఖర్చు తగ్గించుకోవలసిన చోటు కాదు. రుద్దని అంచు చేతిని కోస్తుంది, పైగా అక్కడ ఉన్న సన్నని పెచ్చుల నుంచే తరువాత పగుళ్లు బయలుదేరతాయి. వృత్తాన్ని ఇంట్లో కోయడానికి ప్రయత్నించకపోవడమే మంచిది.

దుకాణంలో మూడు పరీక్షలు చేయవచ్చు. అద్దాన్ని నిలువుగా పట్టుకుని ఎదురుగా ఉన్న తలుపు చట్రాన్ని చూస్తూ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే, గీత వంకరలు పోకుండా ఉండాలి. గోరు కొనను గాజుకు ఆనిస్తే, గోటికీ దాని ప్రతిబింబానికీ మధ్య సన్నని ఎడం కనిపిస్తుంది. ఆ ఎడం ఎంత ఎక్కువైతే గాజు అంత మందం, కనుక 3 మిల్లీమీటర్ల ముక్కనూ 4 మిల్లీమీటర్ల ముక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. వెనుక రంగు పూతను వెలుతురులో పరిశీలించి, గీతలూ పెచ్చులూ లేవని నిర్ధారించుకోవాలి.

ఈ మూడవ పరీక్ష ఎందుకో తెలిస్తే తరువాతి పనుల్లో సగం తప్పులు వాటంతటవే తొలగిపోతాయి. అద్దంలో ముఖం చూపేది గాజు కాదు, గాజు వెనుక ఉన్న అతి పలుచని వెండి పొర. వెండి లవణపు ద్రావణం నుంచి రసాయన చర్య ద్వారా గాజు మీద వెండి పేరుకునేలా చేసే పద్ధతిని 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ రూపొందించాడు. నేటి వెండి అద్దాలకు మూలం అదే. ఆ వెండిని గాలి నుంచీ తేమ నుంచీ కాపాడేది ముఖ్యంగా వెనుక వేసిన రంగు పూతే. గాజు చుట్టూ అంచు దగ్గర ఈ పూత తెగి ఉంటుంది కాబట్టి తేమ ముందుగా అక్కడి నుంచే లోపలికి పాకి, వెండిని నల్లబరుస్తుంది. కృష్ణ ఒడ్డున, సముద్రానికి అంత దూరం కాని మన ఊళ్లలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ ఉంటుంది కనుక, దుకాణంలోనే కాస్త ఓపిక పట్టడం మేలు.

పిల్లల గదికైతే గాజుకు బదులు అక్రిలిక్ అద్దపు షీటు వాడవచ్చు. అది తేలిక, పగిలి గుచ్చుకోదు. అయితే త్వరగా గీతలు పడుతుంది, కొంచెం వంగినా ముఖం సాగిపోయి కనిపిస్తుంది. తల దువ్వుకునే అద్దానికి గాజునే నేను ఎంచుకుంటాను.

పలక, దాని మీద కట్టు

వెనుక పలకకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. ఇంటీరియర్ పనులు జరిగే చోట వడ్రంగుల దగ్గర రెండడుగుల ముక్కలు మిగిలిపోయి ఉంటాయి, అడిగితే నామమాత్రపు ధరకు ఇస్తారు. హాలులోనో పడక గదిలోనో పెట్టే అద్దానికి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 303 ముద్ర ఉన్న కమర్షియల్ రకం చాలు, వాష్‌బేసిన్ దగ్గర పెట్టేదైతే ఐఎస్ 710 ముద్ర గల మెరైన్ రకం తీసుకోవాలి. ఎండీఎఫ్ (కర్ర నారను జిగురుతో అదిమి చేసే పలక) ముక్క చవకగా వచ్చినా వద్దనే చెబుతాను, దాని కోసిన అంచు తడి తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ యథాస్థితికి రాదు.

పలక మధ్యలో చిన్న మేకు దిగగొట్టి, సాగని దారం కట్టి, 9 అంగుళాల దూరంలో పెన్సిలుతో ఒక వృత్తం గీయాలి. అదే కేంద్రం నుంచి 6 అంగుళాలతో అద్దపు హద్దును కూడా గీసుకోవాలి. ఇది కాక మరో 6 మిల్లీమీటర్ల ముక్కలోంచి కంకణంలాంటి కట్టు ఒకటి కోయించాలి. దాని వెలుపలి వ్యాసార్ధం 7 అంగుళాలు, లోపలి వ్యాసార్ధం 6 అంగుళాల మీద మరో 2 మిల్లీమీటర్లు. ఆ 2 మిల్లీమీటర్ల వెసులుబాటు తప్పనిసరి, చెక్కకూ గాజుకూ వేడిమికి వ్యాకోచించే తీరు ఒకటి కాదు కాబట్టి గాజు బిగుతుగా కూర్చోకూడదు. జిగ్‌సా మిషను ఉన్న వడ్రంగికి ఈ రెండు కోతలూ చిన్న పని.

కట్టును పలక మీద హద్దుకు సరిగ్గా పెట్టి, రెండు ముఖాలకూ ఫెవికాల్ పలుచగా పూసి, మీద బరువులు పెట్టి రాత్రంతా కదలకుండా ఉంచాలి. రంగు తగలని పచ్చి చెక్కకూ పచ్చి చెక్కకూ మధ్య ఈ జిగురు ఎంత గట్టిగా పడుతుందంటే, తరువాత ఊడదీయాలంటే చెక్కే చీలుతుంది. ఇప్పుడు పలక మధ్యలో అద్దానికి సరిపడే గుంట ఏర్పడింది. కట్టు అడుగు భాగం గాజుకు ఆసరా అవుతుంది కనుక, ఎప్పుడైనా జిగురు సడలినా అద్దం కిందికి జారిపోదు. దీనికి మించి ఈ కట్టు వల్ల ఇంకో లాభం ఉంది. దాని వెంబడి చెక్క మందం 12 మిల్లీమీటర్లు అవుతుంది, వెనుక వైపు కొక్కేలు బిగించడానికి స్క్రూకు పట్టు దొరికేది అక్కడే.

పలక ఆరుతుండగా వృత్తాన్ని 16 భాగాలుగా విభజించే కాగితం తయారు చేసుకోవచ్చు. 18 అంగుళాల వృత్తాకారపు పాత వార్తాపత్రికను సగానికి, మళ్లీ సగానికి, అలా మొత్తం నాలుగు మార్లు మడిచి విప్పితే 16 సమభాగాల గీతలు పడతాయి, కోణమానినితో అవసరమే ఉండదు. ఆ గీతలను పలక మీదికీ కట్టు మీదికీ దించుకోవాలి.

రేకులు, మక్కు

రేకులకు పుస్తకాల బైండింగులో వాడే 2 మిల్లీమీటర్ల గట్టి అట్ట కావాలి. విజయవాడలో ఏలూరు రోడ్డు స్టేషనరీ దుకాణాల్లోనూ, ఏ బైండరు దగ్గరైనా అది దొరుకుతుంది. పార్శిలు పెట్టెల అట్ట ఉచితంగా వచ్చినా, లోపలి మడతలు రంగు కింద నుంచి చారలుగా బయటపడతాయి, తడి తగిలితే మెత్తబడుతుంది.

రెండు పరిమాణాల్లో 16 చొప్పున మొత్తం 32 రేకులు కోయాలి. వెనుక వరుసవి మూడున్నర అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు. ముందు వరుసవి 3 అంగుళాల పొడవు, రెండుముప్పావు అంగుళాల వెడల్పు. మొదలు కాస్త ఇరుకుగా, నడుము వెడల్పుగా, కొన సున్నితంగా తేలి ఉండేలా ఒక రేకును కాగితం మీద గీసి, నిలువుగా మడిచి కోస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. దాన్నే అచ్చుగా పెట్టుకుని మిగిలినవన్నీ గీసుకోవాలి. కోసిన రేకుల వెనుక వైపు తడిబట్టతో కొంచెం అద్ది, పెద్ద గరిటె అడుగున బొటనవేళ్లతో నొక్కి ఆరబెడితే పడవలా ఒంపు తిరుగుతాయి. ఈ ఒంపు లేకపోతే ఎంత రంగు వేసినా రేకు అట్టముక్కలాగే కనబడుతుంది.

మక్కుకు కావలసిన చింతపిక్కల పొడి బజారులో దొరకకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. కొత్త చింతపండు కొట్టే వేసవి రోజుల్లో పిక్కలకు కొరత ఉండదు. పిక్కలను దోరగా వేయించి, నీళ్లలో నానబెట్టి, ఎర్రటి పై పొట్టు తీసేసి, లోపలి తెల్ల పప్పును బాగా ఎండబెట్టి మెత్తగా పొడి చేయాలి. ఒక కప్పు పొడిని ముందుగా చన్నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, నాలుగైదు కప్పుల మరిగే నీటిలో పోస్తూ సన్నని మంట మీద ఆపకుండా కలియబెడితే, చిక్కటి గంజిలా మారి క్రమంగా సాగే జిగురవుతుంది. దించి చల్లార్చాలి. ఈ జిగురు పురుగులకూ బూజుకూ ఇష్టమైన ఆహారం కాబట్టి చిటికెడు మైలుతుత్తం కలపడం అవసరం. బోర్డో మిశ్రమం తయారీకి రైతులు కొనే మైలుతుత్తమే ఇది, పురుగుమందుల దుకాణాల్లో దొరుకుతుంది. అది విషపదార్థమని మరువరాదు. వంటింటి గిన్నెలు వాడకుండా, చేతులకు తొడుగులు వేసుకుని, పిల్లలకు అందని చోట ఈ పని చేయాలి.

కోత మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టును సన్నని జల్లెడలో పట్టాలి. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. టేకు పొట్టులో నూనె గుణం ఉండి జిగురును సరిగా పట్టనివ్వదు, రంగు కూడా దిగుతుంది, కనుక తెల్ల కర్రల పొట్టు అడిగి తీసుకోవాలి. చల్లారిన జిగురులో ఈ పొట్టును కొద్దికొద్దిగా కలుపుతూ చపాతీ పిండి పాకానికి తెచ్చి, బాగా మర్దన చేయాలి. వేళ్లకు అంటుకుంటే పొట్టు తక్కువైనట్టు, నొక్కినప్పుడు అంచులు చిట్లితే జిగురు తక్కువైనట్టు. చింతపిక్కల శ్రమ వద్దనుకునేవారు ఫెవికాల్‌లో సమంగా నీరు కలిపి ఆ ద్రవంతో పొట్టును ముద్ద చేయవచ్చు, పురుగు భయం తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆరిన తరువాత గీతలు చెక్కడానికి మాత్రం చింతపిక్కల మక్కే హాయిగా ఉంటుంది.

రేకు ముఖం మీద జిగురు పలుచగా రాసి, నడిమి భాగంలో 3, 4 మిల్లీమీటర్ల మందం, అంచులకు వచ్చేసరికి దాదాపు ఏమీ లేనంత పలుచదనం ఉండేలా మక్కును పరచాలి. తడి చేతితో నునుపు చేసి, చెంచా కాడతో నడిమి ఈనెను, పుల్లతో దానికి ఇరువైపులా రెండేసి గీతలను తీర్చాలి. ఇక్కడ ఒక మెళకువ ఉంది. ముఖం వైపు మాత్రమే తడి ఉంటే ఆరేటప్పుడు అట్ట ఆ వైపుకు లాగబడి తిరగబడుతుంది, అందుకే వెనుక వైపు కూడా పలుచటి జిగురు పూత వేస్తే లాగుడు సమానమవుతుంది. నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టి, రోజుకు రెండు సార్లు తిరగేయాలి. మే నెల ఎండలో పెడితే ఒక్క పూటలో ఆరతాయన్నది నిజమే, కానీ 45 డిగ్రీల దాకా పోయే విజయవాడ ఎండకు పై పొర ముందుగా గట్టిపడి, లోపలి తడి బయటకు వచ్చేటప్పుడు మక్కు నెర్రెలు తీస్తుంది. సన్నని నెర్రెలను పలుచటి మక్కుతో నింపుకోవచ్చు. అరచేతికి చల్లదనం తగలకుండా, గోటితో తడితే కర్ర చప్పుడు వచ్చేదాకా ఆగాలి.

అమరిక, తెల్లపూత, రంగు

వెనుక వరుస రేకుల మొదళ్లను కట్టు వెలుపలి అంచుకు ఆనించి, పలక మీద 16 గీతలకు ఒక్కొక్కటి చొప్పున ఫెవికాల్‌తో అతకాలి. కొనలు పలక దాటి ఒకటిన్నర అంగుళాలు బయటికి వస్తాయి. ముందు వరుసను కట్టు మీద, దాని లోపలి అంచు నుంచి 8 మిల్లీమీటర్లు వదిలి, గీతలకు సరిగ్గా నడిమధ్యన అతకాలి. వదిలిన ఆ సన్నని జాగా తరువాత తాడు కోసం. ముందుగా అన్నిటినీ జిగురు లేకుండా పేర్చి చూసుకుంటే, ఎక్కడైనా ఒక రేకు వెడల్పు ఎక్కువై ఒరుసుకుంటున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఇంత పని చేతితో చేసినప్పుడు కొన్ని రేకులు స్వల్పంగా తేడా వస్తాయి. వాటిని ఒకే చోట గుమిగూడకుండా చుట్టూ పంచి పెడితే కన్ను పట్టుకోదు.

అంతా ఆరాక రెండు పాళ్ల సుద్దపొడి, ఒక పాలు ఫెవికాల్, ఒక పాలు నీరు కలిపిన తెల్లపూతను రేకులన్నిటికీ రెండు సార్లు వేసి, 220 నంబరు ఎమరీ పేపరుతో మెల్లగా రుద్దాలి. కొండపల్లి బొమ్మకైనా రంగు పడేది తెల్లపూత మీదే, ఈ మెట్టు దాటేస్తే మక్కు రంగును తాగేసి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అద్దం కూర్చునే గుంటలో తెల్లపూత పడకూడదు, అక్కడ పొడి రాలే పొర ఉంటే అద్దాన్ని అంటించడానికి రేపు వేసే సిలికాన్ జిగురు ఆ పొరనే పట్టుకుంటుంది తప్ప చెక్కను పట్టదు. గుంటలోనూ, పలక వెనుక వైపునా, కోసిన అంచుల్లోనూ వార్నిష్ రెండు పూతలు వేస్తే ప్లైవుడ్ తేమ పీల్చదు.

రంగు ఎవరి ఇష్టం వారిది. చాలామంది నేరుగా బంగారు రంగుకు పోతారు. బంగారు రంగే కావాలంటే ముందు కావి రంగు అక్రిలిక్ ఒక పూత వేసి, అది ఆరిన తరువాత దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో బంగారాన్ని ఎత్తు భాగాల మీద మాత్రమే రాయాలి, లోతుల్లో ఎరుపు మిగిలిపోవడం వల్ల బంగారానికి వన్నె వస్తుంది. నా ఓటు మాత్రం రాతి రంగుకే. తెల్ల అక్రిలిక్‌లో కొంచెం పసుపు మట్టి రంగు, చుక్క నలుపు, అంతకన్నా తక్కువగా ఆకుపచ్చ కలిపితే అమరావతి సున్నపురాతి ఛాయ వస్తుంది. అది ఆరాక నీళ్లలా పలుచన చేసిన గోధుమ రంగును గీతల్లో పోనిచ్చి, వెంటనే మెత్తని గుడ్డతో పైపైన తుడిచేస్తే, రంగు లోతుల్లో మాత్రమే నిలిచి రేకుల చెక్కడం తేటపడుతుంది. చిన్న గదుల్లో మెరిసే చట్రం అద్దంతో పోటీపడుతుంది, రాతి రంగు అద్దాన్ని ముందుకు రానిస్తుంది. చివరగా మెరుపు లేని వార్నిష్ రెండు పలుచటి పూతలు.

కొక్కేలు

అద్దం బిగించకముందే వెనుక కొక్కేల పని ముగించాలి, గాజు కూర్చున్న తరువాత డ్రిల్లు అదురు దానికి మంచిది కాదు. పలకను బోర్లించి, కేంద్రం నుంచి 3 అంగుళాలు పైకి ఒక అడ్డగీత గీసి, దాని మీద కేంద్రపు నిలువు గీతకు ఇరువైపులా ఐదుముప్పావు అంగుళాల దూరంలో గుర్తులు పెట్టాలి. ఆ రెండు చోట్లా లోపల కట్టు ఉంటుంది. అక్కడ 10 మిల్లీమీటర్ల పొడవు స్క్రూలతో డి-రింగులు (‘డి’ అక్షరం ఆకారపు కొక్కేలు) బిగించాలి. అర అంగుళం స్క్రూ 12 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి ముందు వైపు పొడుచుకు వస్తుంది.

రెండు రింగుల మధ్య కట్టే ఇనుప తీగను బిగుతుగా లాగి కట్టడం చక్కదనంగా అనిపిస్తుంది కానీ అది ప్రమాదం. తీగ అడ్డగీతతో 30 డిగ్రీల కోణం చేస్తే 2 కిలోల వస్తువుకు ఒక్కొక్క వైపు తీగ మీద 2 కిలోల లాగుడు పడుతుంది, అదే 10 డిగ్రీలకు బిగిస్తే సుమారు 5.8 కిలోలు అవుతుంది. కనుక నడిమిన పైకి లాగినప్పుడు తీగ రింగుల మట్టం నుంచి మూడుంబావు అంగుళాలకు తగ్గకుండా లేచేంత వదులు ఉంచాలి. అప్పటికీ గోడకు బిగించే స్క్రూ పలక పై అంచు వెనుకే దాగి ఉంటుంది. పలక కింది భాగంలో రెండు రబ్బరు బిళ్లలు అంటిస్తే అద్దం గోడకు పూర్తిగా ఆనకుండా వెనుక గాలి ఆడుతుంది, వానాకాలంలో చెమ్మ పట్టే గోడలకు ఇది ఎంతో అవసరం.

అద్దం బిగించడం

అద్దానికి ఫెవికాల్ పనికిరాదు. అది నీరు ఆవిరైతేనే గట్టిపడే జిగురు, ఒక వైపు గాజు, ఒక వైపు వార్నిష్ ఉన్నప్పుడు నడుమ చిక్కిన నీటికి దారి ఉండదు. ఘాటైన వాసన గల రబ్బరు జిగుళ్లలోని ద్రావణాలు అద్దం వెనుక రంగును కరిగించే అవకాశం ఉంది. సిలికాన్ సరైన ఎంపికే అయినా అందులో రెండు రకాలు ఉన్నాయి. మామూలు రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ పుల్లని వెనిగర్ వాసనే దాని గుర్తు. ఆ ఆమ్లం వెండి పొరను తినేస్తుంది. గొట్టం మీద న్యూట్రల్ క్యూర్ అనీ, అద్దాలకు వాడవచ్చనీ రాసి ఉన్నదే కొనాలి. దుకాణదారు ‘అన్నీ ఒకటేనండీ’ అంటే ఒక చుక్క పిండించి వాసన చూడటం మన హక్కు. ఈ పనికి పట్టే సిలికాన్ 30, 40 మిల్లీలీటర్లకు మించదు. మిగిలిన గొట్టం మూతిలో పొడవాటి స్క్రూ దించి మూస్తే కొన్నాళ్లు నిలుస్తుంది, అయినా ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవడమే లాభం.

పలకను బల్ల మీద వెల్లకిలా పరచి, గుంటను పొడి బట్టతో తుడిచి, 2 మిల్లీమీటర్ల మందం గల ఫోము టేపు ముక్కలు నాలుగు అతికించాలి. అవి సిలికాన్ ఆరేదాకా అద్దాన్ని ఎత్తు తప్పకుండా పట్టి ఉంచడానికి మాత్రమే. టేపు మీద బరువు వదిలేస్తే ఎండాకాలం వేడికి దాని జిగురు మెత్తబడి జారుతుంది. సిలికాన్‌ను పై నుంచి కిందికి నిలువు గీతలుగా, రెండేసి అంగుళాల ఎడంతో ఐదు వరుసలు వేయాలి. అడ్డంగానో వృత్తంగానో వేస్తే వెనుక చేరిన తేమ అక్కడే నిలిచిపోతుంది, నిలువు వరుసల మధ్య గాలి కదులుతుంది. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి లోపలి వరుసలకు గాలి అందే దారి కూడా అదే. ఏ వరుసా గాజు అంచుకు అంగుళం లోపు రాకూడదు.

చేతులకు తొడుగులు వేసుకుని, అద్దాన్ని అడుగు అంచు ముందుగా గుంటలో ఆనించి, నెమ్మదిగా వాల్చి, అరచేతులతో సమంగా అదమాలి. 4 మిల్లీమీటర్ల గాజు, 2 మిల్లీమీటర్ల సిలికాన్ కలిసి కట్టు ఎత్తుకు సరిగ్గా సమానమవుతాయి. ఒక రోజంతా కదపకుండా వెల్లకిలానే ఉంచి, మరో రోజు గడిచాక గానీ నిలబెట్టకూడదు. ఆ తరువాత కట్టు మీద వదిలిన 8 మిల్లీమీటర్ల జాగాలో 10, 12 మిల్లీమీటర్ల లావు గల జనపనార తాడునో, తెల్ల పూసల దండనో చుట్టూ అతికిస్తే గాజు అంచూ సందూ రెండూ మూసుకుపోతాయి. జిగురు కట్టుకు మాత్రమే రాయాలి, గాజుకు అంటించకూడదు. తాడు రెండు కొనలూ కలిసే చోటును అడుగు భాగానికి తెచ్చుకోవాలి.

గోడకు ఎక్కించడం, ఆ తరువాత

అద్దపు కేంద్రం నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో ఉంటే ఇంటిల్లిపాదికీ అనువు. ప్లాస్టరింగులో కొట్టిన ఉత్త మేకును నమ్మకుండా, 8 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దించి, రెండంగుళాల స్క్రూ బిగించాలి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా వైర్లు గోడలో పోతుంటాయి, ఆ దారిలో డ్రిల్లు పెట్టకూడదు. పడమటి ఎండ నేరుగా పడే గోడ కూడా వద్దు, రంగు వెలుస్తుంది, మధ్యాహ్నమంతా ఎదుటివారి కళ్లలో వెలుగు కొడుతుంది.

శుభ్రం చేసేటప్పుడు ద్రవాన్ని అద్దం మీద చిమ్మితే అది జారి అడుగు అంచులో చేరి, వెనుకనున్న వెండి వద్దకు దారి చేసుకుంటుంది. గుడ్డను కొద్దిగా తడిపి తుడవాలి, రేకుల మీది దుమ్మును పొడి బ్రష్షుతోనే దులపాలి. ఏళ్లు గడిచి అద్దం మసకబారితే చట్రాన్ని పారేయనక్కరలేదు. తాడును ఊడదీసి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారాన్ని గాజు వెనుకకు పోనిచ్చి, ఇద్దరు చెరొక కొస పట్టుకుని రంపంలా లాగితే సిలికాన్ వరుసలు తెగి అద్దం చేతికి వస్తుంది. ఆ సమయంలో గాజు ముఖానికి అడ్డంగా వెడల్పాటి టేపు అతికించి ఉంచితే, పగిలినా ముక్కలు చెదరవు. గుంటలో మిగిలిన సిలికాన్‌ను బ్లేడుతో గీకేసి, అదే కొలతతో కొత్త అద్దం కోయించుకోవచ్చు.